పదోన్నతి ప్యానెల్‌లో రోస్టర్ సరిగ్గా పడిందో లేదో మీరే చూసుకోవడం ఎలా

సెప్టెంబరు దగ్గరపడుతుంటే ప్రభుత్వ కార్యాలయాల్లో ఉద్యోగుల వ్యవహారాలు చూసే ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ ముందు జనం పెరుగుతారు. ప్యానెల్ (పదోన్నతి ఇవ్వాల్సినవారి జాబితా) ఎప్పుడు, ఖాళీలెన్ని, ఎవరి పేరు ఎక్కడ అన్నదే అందరి నోటా వినిపించే మాట. జాబితా బయటకు వచ్చిన రోజు మాత్రం ఆ మాటల రంగు మారిపోతుంది. "నాకన్నా జూనియర్‌కు ఎలా ఇచ్చారు?" అని ఒకరు, "మాకు రావాల్సిన పాయింటు ఎగ్గొట్టారు" అని ఇంకొకరు. పదేళ్లు ఒకే గదిలో పక్కపక్క బల్లల మీద పనిచేసినవాళ్లు ఆ సాయంత్రం నుంచి మాట్లాడుకోరు.

నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం ఆ సెక్షన్‌లోనే గడిచింది. ఇలాంటి తగవులు ఎన్నో చూశాను. వాటిలో చాలా వాటికి జవాబు రోస్టర్ రిజిస్టర్‌లోనే, అంటే ఏ పోస్టు ఏ వర్గానికి చెందుతుందో వరుసగా రాసే పుస్తకంలోనే ఉంటుంది, కానీ దాన్ని తెరిచి చూసినవాళ్లు దాదాపు ఉండరు. మీరు ఏ వర్గానికి చెందినవారైనా సరే, ఆ రిజిస్టర్ చదవడం నేర్చుకోండి. అన్యాయం నిజంగా జరిగి ఉంటే అది మీ చేతికి ఆధారంగా దొరుకుతుంది. జరగకపోతే పక్కబల్ల మనిషి మీద కోపం పెంచుకోవాల్సిన అవసరమే ఉండదు.

ఇక్కడ చెప్పేది ప్రధానంగా ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగుల సంగతి. రైల్వే, తపాలా వంటి కేంద్ర ఉద్యోగాల్లో ఉన్నవారి కోసం చివర్లో కొంత చెప్పాను.

ముందు ఏ కోటా గురించి మాట్లాడుతున్నారో తేల్చుకోండి

కోటా అనే మాటను రెండు వేరు వేరు విషయాలకు వాడుతున్నాం. ఒకటి, పోస్టుల్లో నేరుగా నియమితులయ్యేవాళ్లకు ఎన్ని, పదోన్నతి ద్వారా వచ్చేవాళ్లకు ఎన్ని అనే వాటా. ఉమ్మడి రాష్ట్రంలో 2009లో వచ్చిన పాఠశాల విద్య నిబంధనలే తీసుకోండి. స్కూల్ అసిస్టెంట్ పోస్టుల్లో 30 శాతం డీఎస్సీ ద్వారా, 70 శాతం పదోన్నతి ద్వారా నింపాలని అందులో ఉంది. ఈ వాటాకు కులంతో సంబంధం లేదు. ప్రతి శాఖకూ ఉండే ప్రత్యేక సర్వీసు నిబంధనల్లో ఇది దొరుకుతుంది. ఒకే పోస్టుకు రెండు మూడు ఫీడర్ కేటగిరీలు (పదోన్నతికి దారి ఇచ్చే కింది పోస్టులు) ఉంటే ఏ వరుసలో ఎవరి వంతు వస్తుందో కూడా అక్కడే రాసి ఉంటుంది.

రెండోది, పదోన్నతి వాటాలోకి వచ్చిన పోస్టుల్లో ఎస్సీ, ఎస్టీ ఉద్యోగులకు ఉండే రిజర్వేషన్. వివాదాలు ఎక్కువగా దీని మీదే వస్తాయి. అయితే నేను చూసిన ఫిర్యాదుల్లో చాలా వరకు అసలు తప్పు మొదటి వాటాలో జరిగింది. డైరెక్ట్ రిక్రూట్‌మెంట్‌కు వదలాల్సిన ఖాళీలను పదోన్నతిలో కలిపేయడం, లేదా పదోన్నతికి రావాల్సినవి అటు వెళ్లిపోవడం వంటివన్నమాట. ఖాళీల సంఖ్యే తప్పయితే ఆ తర్వాత వేసిన రోస్టర్ ఎంత శుభ్రంగా ఉన్నా ఫలితం తప్పే. అందుకే మొదటి కాగితంగా మీ శాఖ ప్రత్యేక నిబంధనలు తెచ్చుకోండి. మీ పోస్టు పేరు పక్కన నియామక విధానం ఏమని ఉందో చదవండి.

మీ యూనిట్ ఏది? అందులో మంజూరైన పోస్టులు ఎన్ని?

రాష్ట్రం మొత్తాన్ని ఒకే లెక్కగా చూడకూడదు. రాజ్యాంగంలోని 371డి అధికరణం కింద 1975లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వులు ఉద్యోగాలను స్థానిక కేడర్లుగా, అంటే ఒక్కో ప్రాంతానికి విడి పోస్టుల సమూహాలుగా విడదీశాయి. తెలంగాణలో 2018 నాటి ఉత్తర్వుల తర్వాత జిల్లా, జోన్, మల్టీజోన్ కేడర్లు వచ్చాయి. సీనియారిటీకీ పదోన్నతికీ ప్రతి స్థానిక కేడరూ ఒక విడి యూనిట్. స్థానిక అభ్యర్థులకు ఉండే రిజర్వేషన్ మాత్రం నేరుగా చేసే నియామకాలకే, పదోన్నతికి కాదు. ఈ రెండింటినీ కలిపి అడిగేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తుంటారు.

మీ యూనిట్‌లో మీకు పదోన్నతితో వచ్చే పై పోస్టులు ఎన్ని మంజూరయ్యాయో రాసుకోండి. ఇప్పుడు పనిచేస్తున్నవారి సంఖ్య కాదు, మంజూరైన పోస్టుల సంఖ్య కావాలి. 2003 ఫిబ్రవరి 14న సాంఘిక సంక్షేమ శాఖ ఇచ్చిన జీవో 5 పదోన్నతుల్లో ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 6 శాతం రిజర్వేషన్‌ను అన్ని శాఖల్లో అమలులోకి తెచ్చింది. అయితే కేడర్‌లో ఐదుకు మించి పోస్టులున్న చోటే అది వర్తిస్తుంది. మీ కేడర్‌లో నాలుగే పోస్టులుంటే రోస్టర్ గురించిన వాదనకే తావుండదు.

సీనియారిటీ జాబితాలో మీ వరుస చూసుకోండి

రోస్టర్ ఏ జాబితా మీద పనిచేస్తుందో ఆ జాబితా సరిగా ఉండాలి. తాత్కాలిక సీనియారిటీ జాబితా వచ్చినప్పుడు అభ్యంతరాలకు గడువు ఇస్తారు. చాలామంది పేరు ఉందో లేదో మాత్రం చూసి పక్కన పెడతారు. అంతటితో ఆగకండి. మీ నియామక తేదీ, ప్రొబేషన్ పూర్తయినట్లు ప్రకటించిన తేదీ, పాసైన శాఖాపరమైన పరీక్షలు, సామాజిక వర్గం గడి, ఇవన్నీ సర్వీసు రిజిస్టర్‌తో పోల్చి చూడండి.

ఎందుకింత నొక్కి చెబుతున్నానంటే, ఒక జూనియర్ అసిస్టెంట్ విషయం నాకు ఇప్పటికీ మనసులో ముల్లులా ఉంది. ఆయన ఎస్టీ. కుల ధ్రువపత్రం ఇచ్చారు, ఉద్యోగం కూడా ఆ కోటాలోనే వచ్చింది. కానీ వేరే కార్యాలయానికి బదిలీ అయినప్పుడు అక్కడ తయారుచేసిన జాబితాలో ఆ గడి ఖాళీగా ఉండిపోయింది. ఎస్టీ పాయింటు వచ్చిన ఏడాది, అర్హులైన ఎస్టీలు లేరని ఫైలులో రాశారు. ఆయన అదే భవనంలో కింది అంతస్తులో పనిచేస్తున్నారు. తప్పు బయటపడి సరిదిద్దేసరికి ఆయనకు పదవీ విరమణ దగ్గరపడింది. తాత్కాలిక జాబితా వచ్చిన రోజున ఐదు నిమిషాలు దాని ముందు నిలబడి ఉంటే ఆ ఏళ్లు పోయేవి కావు.

అర్హత విషయంలో ఇంకొక తేదీ గుర్తుంచుకోండి. 1996 నాటి రాష్ట్ర, సబార్డినేట్ సర్వీసు నిబంధనల ప్రకారం ప్యానెల్ సంవత్సరం సెప్టెంబరు 1న మొదలై మరుసటి ఆగస్టు 31తో ముగుస్తుంది. అర్హతను సెప్టెంబరు 1 నాటికే చూస్తారు. పరీక్ష ఆ తర్వాత పాసైతే ఆ ఏడాది ప్యానెల్‌కు పనికిరాదు. మీరు ఎస్సీ అయినా, ఎస్టీ అయినా, ఇతరులైనా ఈ తేదీ ఒక్కటే. ఉపాధ్యాయులైతే టెట్ (ఉపాధ్యాయ అర్హత పరీక్ష) సంగతి కూడా చూసుకోవాలి. పదోన్నతికి టెట్ అర్హత ఉండాలని సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 1న తీర్పు ఇచ్చింది.

ఇప్పుడు రోస్టర్ రిజిస్టర్ తెరవండి

రోస్టర్ అంటే 1 నుంచి 100 వరకు అంకెలు వేసిన పట్టిక. ఒక్కో అంకె ఒక్కో పాయింటు. ఏ పాయింటు ఏ వర్గానికి చెందుతుందో ముందే నిర్ణయించి ఉంటుంది. మన రాష్ట్రాల్లో చాలాకాలం నడిచిన పట్టికలో ఎస్సీ పాయింట్లు ఇవి: 2, 7, 16, 22, 27, 41, 47, 52, 62, 66, 72, 77, 87, 91, 97. లెక్కపెడితే 15. ఎస్టీ పాయింట్లు 8, 25, 33, 58, 75, 83. ఇవి ఆరు. నియామకాల పట్టికలో బీసీ, మహిళల పాయింట్లు కూడా ఉంటాయి కానీ పదోన్నతి దగ్గరకు వచ్చేసరికి అవి వర్తించవు. పదోన్నతిలో రిజర్వేషన్‌కు దారి తీసిన 16(4ఎ) అధికరణం ఎస్సీ, ఎస్టీలకే పరిమితం. మహిళా రిజర్వేషన్ నిబంధన నేరు నియామకాలకు రాసింది.

ఈ మధ్య పట్టికలు మారాయి. తెలంగాణలో 2022లో ఎస్టీ రిజర్వేషన్ 10 శాతానికి పెరిగింది. 2025లో రెండు రాష్ట్రాలూ ఎస్సీలను మూడు గ్రూపులుగా వర్గీకరించాయి. కాబట్టి మీ ప్యానెల్ ఫైలుకు జతచేసిన పట్టిక ఏ ఉత్తర్వుతో వచ్చింది, అది ఆ ప్యానెల్ సంవత్సరంలో పదోన్నతులకు అమలులో ఉందా అన్నది మొదట అడగాలి. పాయింట్ల అంకెలు మారినా లెక్క నడిచే తీరు మాత్రం ఒకటే. పాత పట్టికతోనే ఒక ఉదాహరణ చూద్దాం.

ఒక జోన్‌లో సూపరింటెండెంట్ పోస్టులు 100 ఉన్నాయనుకోండి. కిందటి ప్యానెల్ 19వ పాయింటుతో ఆగింది. ఈసారి పదోన్నతి వాటాలో ఆరు ఖాళీలున్నాయి. అంటే 20 నుంచి 25 వరకు పాయింట్లు నింపాలి. వీటిలో 22 ఎస్సీది, 25 ఎస్టీది. అర్హుల సీనియారిటీ జాబితాలో మొదటి ఎస్సీ ఉద్యోగి 9వ వరుసలో, మొదటి ఎస్టీ ఉద్యోగి 14వ వరుసలో ఉన్నారు.

20, 21 పాయింట్లకు జాబితాలోని 1, 2 వరుసలవారు వస్తారు. 22వ పాయింటుకు 9వ వరుసలోని ఎస్సీ ఉద్యోగి. 23, 24కు 3, 4 వరుసలవారు. 25వ పాయింటుకు 14వ వరుసలోని ఎస్టీ ఉద్యోగి. ఆరుగురూ అయిపోయారు. 5, 6 వరుసలవారు ఆగిపోయారు.

ఆగిపోయిన ఆ ఇద్దరి బాధ నాకు తెలుసు. రిజర్వేషనే లేకపోతే వారికి ఈసారే వచ్చేది. వారితో నేను ఎప్పుడూ చెప్పే మాట ఒకటి. ఈ 100 పోస్టుల్లో 21 పోస్టులు మీరు సర్వీసులో చేరక ముందే ఆ వర్గాల ప్రాతినిధ్యం కోసం పక్కన పెట్టినవి. తరతరాలుగా ఆ కుర్చీల దరిదాపులకు రానివ్వని మనుషులకు రాజ్యాంగం ఇచ్చిన మాట అది. 9వ వరుసలోని వ్యక్తి మీ పోస్టు తీసుకోలేదు, ఆ పాయింటుది తీసుకున్నారు. అయితే ఆ పాయింటు నిజంగా ఇప్పుడు రావాల్సిందేనా అని అడిగే హక్కు మీకు పూర్తిగా ఉంది. ఆ ప్రశ్న తప్పు కాదు, దురుద్దేశమూ కాదు.

రిజిస్టర్‌లో తరచూ కనిపించే పెద్ద తప్పు ఒకటుంది. ప్రతి ప్యానెల్‌కూ రోస్టర్‌ను మళ్లీ 1 నుంచి మొదలుపెట్టడం. చూడటానికి చిన్న పొరపాటులా ఉంటుంది. ఏటా ఆరు ఖాళీలు వచ్చే కేడర్‌లో ప్రతిసారీ 1 నుంచి మొదలుపెడితే ఏమవుతుందో వేసి చూడండి. 2వ పాయింటు ఏటా వస్తుంది, ఎస్సీలకు ఏటా ఒకటి దక్కుతుంది. 8వ పాయింటు మాత్రం ఎన్నేళ్లు గడిచినా రాదు. అంటే ఆ కేడర్‌లో ఎస్టీకి ఎప్పటికీ పదోన్నతి రిజర్వేషన్ అందదు. ఏటా ఒక్కో ఖాళీయే వచ్చే చిన్న కేడర్‌లో అయితే ఎస్సీలకూ అందదు. ఒక తరం ఉద్యోగులను ఒక్క గుమస్తా పొరపాటు ఇలా తుడిచిపెట్టగలదు. అందుకే కిందటి ప్యానెల్ చివరి పాయింటు, ఈ ప్యానెల్ మొదటి పాయింటు వరుస కలుస్తున్నాయా అన్నది మీరు మొట్టమొదట చూడాల్సిన గడి.

రిజర్వు పాయింటుకు అర్హులు దొరకనప్పుడు ఆ గడిలో ఏమి రాశారో కూడా చూడండి. ఖాళీగా వదిలేసి తర్వాతి పాయింటుకు దూకితే ఆ పోస్టు ఎటు పోయిందో తేలదు. బ్యాక్‌లాగ్‌గా ముందుకు తీసుకెళ్లినట్లు రాయాలి, కారణం రాయాలి, అధికారి సంతకం ఉండాలి. ఇలా ముందుకు వచ్చిన ఖాళీలను రిజర్వేషన్లకు ఉన్న ఆ ఏడాది 50 శాతం పరిమితిలో కలపనక్కర్లేదని 2000లో జరిగిన 81వ రాజ్యాంగ సవరణ చెబుతోంది.

ప్రాతినిధ్యం ఇప్పటికే సరిపోయిందా?

పై ఉదాహరణలో నేను ఒక మెట్టు కావాలనే దాటవేశాను. పాయింటు వచ్చినంత మాత్రాన సరిపోదు, ఆ వర్గం వాటా కేడర్‌లో ఇంకా నిండాల్సి ఉండాలి. 100 పోస్టుల్లో ఎస్టీల వాటా ఆరు. రోస్టర్ ద్వారా వచ్చిన ఆరుగురు ఎస్టీ సూపరింటెండెంట్లు ఇప్పటికే పనిచేస్తున్నారనుకోండి. అప్పుడు 25వ పాయింటు సాధారణ సీనియారిటీకి వెళ్తుంది, మన 5వ వరుస ఉద్యోగికి పదోన్నతి వస్తుంది. 14వ వరుసవారు ఆగుతారు. దీన్నే ఫైళ్లలో అడిక్వసీ అంటారు.

ఈ ఆలోచనకు మూలం 1995 ఫిబ్రవరిలో ఆర్.కె. సబర్వాల్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. రోస్టర్‌ను ఖాళీల మీద కాక పోస్టుల మీద నడపాలని, వాటా నిండిన తర్వాత ఆ వర్గం పోస్టు ఖాళీ అయితే ఆ వర్గంతోనే నింపాలని అది చెప్పింది. అదే తీర్పులో ఇంకో ముఖ్యమైన మాట కూడా ఉంది. రిజర్వు వర్గానికి చెందిన వ్యక్తి తన ప్రతిభతో జనరల్ పోస్టులోకి వస్తే, ఆ వ్యక్తిని రిజర్వు వాటా కింద లెక్కించరాదు.

అడిక్వసీ పట్టికలో గొడవంతా ఇక్కడే మొదలవుతుంది. కేడర్‌లో ఉన్న ఎస్సీ ఉద్యోగులందరి తలలు లెక్కపెట్టి "15 నిండాయి" అని రాసేస్తే, సొంత సీనియారిటీతో వచ్చినవారు కూడా ఆ లెక్కలో పడిపోతారు. కాబట్టి ఒక్కొక్కరు ఏ ప్యానెల్‌లో, ఏ పాయింటు మీద వచ్చారో పేరుపేరునా చూపించే పట్టిక అడగండి. మొత్తం సంఖ్య మాత్రమే రాసిన కాగితంతో తృప్తి పడవద్దు. నా అనుభవంలో ఈ పట్టిక నిజాయతీగా తయారైన చోట కోర్టు కేసులు చాలా తక్కువ.

పై మెట్టులో సీనియారిటీ ఎవరిది?

9వ వరుసలోని ఎస్సీ ఉద్యోగి ముందుగా సూపరింటెండెంట్ అయ్యారు. రెండేళ్ల తర్వాత 6వ వరుసవారు కూడా అయ్యారు. ఇక తర్వాతి మెట్టుకు ఎవరు సీనియర్? దీని మీద న్యాయస్థానాలూ పార్లమెంటూ పాతికేళ్లకు పైగా మాట్లాడుతూనే ఉన్నాయి.

1992లో ఇంద్రా సాహ్నీ తీర్పు పదోన్నతుల్లో రిజర్వేషన్ కుదరదంది. 1995లో 77వ సవరణ 16(4ఎ)ను చేర్చి దానికి దారి తెరిచింది. వెనక వచ్చిన జనరల్ ఉద్యోగి తన పాత సీనియారిటీని తిరిగి పొందుతాడని 1999లో అజిత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. దాన్ని తిప్పికొడుతూ 2001లో 85వ సవరణ వచ్చింది. పదోన్నతితో పాటు వచ్చే సీనియారిటీ కూడా ఎస్సీ, ఎస్టీ ఉద్యోగులకు ఇవ్వవచ్చని, అది 1995 జూన్ 17 నుంచి వర్తిస్తుందని చెప్పింది. 2006లో నాగరాజ్ తీర్పు ఈ సవరణలన్నీ చెల్లుతాయంటూనే, ప్రాతినిధ్యం తక్కువగా ఉందని లెక్కలతో చూపాలని ప్రభుత్వాలకు షరతు పెట్టింది. వెనుకబాటుతనాన్ని మళ్లీ నిరూపించనక్కర్లేదని 2018లో, ఆ లెక్కలు సర్వీసు మొత్తానికి కాక కేడర్ వారీగా ఉండాలని 2022 జనవరిలో జర్నైల్ సింగ్ కేసులో స్పష్టం చేసింది.

మీకు ఇందులో పనికొచ్చే భాగం చిన్నది. 85వ సవరణ ప్రభుత్వానికి అధికారం ఇచ్చింది, సీనియారిటీని దానంతట అది ఇవ్వలేదు. కాబట్టి మీ సీనియారిటీ జాబితా పైన ఉన్న ప్రస్తావనల్లో ఏ ప్రభుత్వ ఉత్తర్వు ఆధారంగా పై మెట్టు సీనియారిటీ నిర్ణయించారో ఉందా అని చూడండి. లేకపోతే అడగండి. ఆ ఉత్తర్వు వెనుక కేడర్ వారీ లెక్కలున్నాయా అన్నది రెండో ప్రశ్న.

దివ్యాంగ ఉద్యోగులకు వేరే దారి ఉంది. వారికి పదోన్నతుల్లోనూ రిజర్వేషన్ హక్కు ఉందని 2021లో కేరళకు చెందిన లీసమ్మ జోసెఫ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 34వ సెక్షన్, మీ పోస్టు ఏ వైకల్యాలకు అనువైనదిగా గుర్తించారో చూపే జాబితా, ఈ రెండూ దగ్గర పెట్టుకుని అడగండి.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులైతే

ఎస్సీలకు 15, ఎస్టీలకు 7.5 శాతం. పట్టిక 1997 జూలై 2 నాటి మెమోతో వచ్చింది. పదోన్నతి రోస్టర్‌లో మొదటి ఎస్సీ పాయింటు 7, మొదటి ఎస్టీ పాయింటు 14, ఆ వెంటనే 15 మళ్లీ ఎస్సీ. 13 పోస్టుల వరకు ఉన్న చిన్న కేడర్లకు ఎల్ ఆకారపు ప్రత్యేక రోస్టర్ ఉంటుంది. ఎంపిక పద్ధతిలో జరిగే పదోన్నతుల్లో గ్రూప్ ఎ తొలి మెట్టు వరకే రిజర్వేషన్. 2022 తీర్పు తర్వాత అదే ఏడాది ఏప్రిల్ 12న వచ్చిన మెమో ప్రకారం కేడర్ వారీగా లెక్కలు సేకరించాకే పదోన్నతులివ్వాలి. వివాదం వస్తే మీరు వెళ్లాల్సింది క్యాట్‌కు, అంటే కేంద్ర పరిపాలనా ట్రైబ్యునల్‌కు.

తప్పు కనబడితే ఏమి చేయాలి

నోటి మాటగా అడిగి వదిలేయకండి. ప్యానెల్ ఆమోదం పొందక ముందే, అంటే తాత్కాలిక జాబితా దశలోనే రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి, అందినట్లు నకలు మీద సంతకం, తేదీ తీసుకోండి. అభ్యంతరంలో "నాకు అన్యాయం జరిగింది" అని రాస్తే దానికి జవాబు రాదు. "కిందటి ప్యానెల్ 19వ పాయింటుతో ముగిసింది, ఈ ప్యానెల్ 1వ పాయింటుతో మొదలైంది, కారణం తెలపగలరు" అని రాయండి. ఆ వాక్యానికి జవాబు రాయకుండా ఏ సూపరింటెండెంటూ ఫైలు పైకి పంపలేడు. నేను ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. ఎవరి మీదా కులం పేరుతో ఒక్క మాట కూడా రాయకండి. మీ తగాదా పాయింటుతో, దాని ఎదురుగా ఉన్న మనిషితో కాదు.

రిజిస్టర్ చూపించకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉంది. దరఖాస్తులో నాలుగే అడగండి: ఆ కేడర్‌లో మంజూరైన పోస్టుల సంఖ్య, కిందటి మూడు ప్యానెళ్ల రోస్టర్ రిజిస్టర్ పుటల నకళ్లు, ఈ ప్యానెల్ సంవత్సరానికి ఖాళీల అంచనా పత్రం, పేరుపేరునా పాయింట్లు చూపించే అడిక్వసీ పట్టిక. ఎందుకు, ఎలా అన్న ప్రశ్నలు వేయకండి, కాగితాలే అడగండి. రుసుము ఉమ్మడి రాష్ట్ర నిబంధనల ప్రకారం మండల స్థాయి కార్యాలయంలో 5 రూపాయలు, అంతకన్నా పై కార్యాలయాల్లో 10 రూపాయలు. జవాబుకు 30 రోజుల గడువు. జవాబు రాకపోయినా, అరకొరగా వచ్చినా మరో 30 రోజుల్లోగా అదే కార్యాలయంలోని పై అధికారికి మొదటి అప్పీలు, ఆ తర్వాత 90 రోజుల్లోగా సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు.

పరిపాలనా ట్రైబ్యునళ్లు రద్దయ్యాక రాష్ట్ర ఉద్యోగులు నేరుగా హైకోర్టుకే వెళ్లాలి. అక్కడ ఆలస్యమే మీ పెద్ద శత్రువు. పదోన్నతి ఇచ్చేసిన ఐదారేళ్లకు వెళ్తే, ఆ కుర్చీలో కుదురుకున్నవారిని కదిలించడానికి న్యాయస్థానాలు సాధారణంగా ఇష్టపడవు. పైగా పదోన్నతి పొందిన వ్యక్తిని ప్రతివాదిగా చేర్చకుండా వేసిన కేసు నిలబడటం కష్టం. న్యాయవాది దగ్గరకు వెళ్లేటప్పుడు అభ్యంతరం నకలు, సీనియారిటీ జాబితా, రోస్టర్ పుటలు ఆ వరుసలోనే ఫైలు కట్టుకుని వెళ్లండి. సమాచార హక్కు జవాబు వచ్చిన కవరును మాత్రం పారేయకండి. దాని మీద ఉన్న తపాలా ముద్ర తేదీ నుంచే మీ అప్పీలు గడువు తేల్చాల్సి రావచ్చు.